తప్పనిసరి పేపరు ఎవరికి తప్పనిసరి?

డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ, తీసుకున్న గ్రూపు ఏదయినా, కళల గురించి ఎంతో కొంత చదివి తీరాలన్న నియమం గురించి ఈ వ్యాసం. ఆ నియమం మంచిదా చెడ్డదా అని మేము అడగటం లేదు. మంచిదే. అయితే కళ అని దేన్ని అంటున్నారు? ఎవరు చెప్తున్నారు? ఎవరికి చెప్తున్నారు? ఎవరి కళ సిలబస్ బయట చెట్టు కింద నిలబడి ఉంది? మా ప్రశ్నలు ఇవి.

చీమకుర్తి నుంచి ఒంగోలుకి రోజూ బస్సెక్కి డిగ్రీకి పోయిన ఒక కుర్రాడు మాకు తెలుసు. తండ్రి మిరపకోతలకీ పత్తితీతలకీ కూలికి పోతాడు, పొలం పని లేనప్పుడు క్వారీకి పోతాడు. జాతరకీ చావుకీ డప్పు కొడతాడు. తాతా కొట్టాడు. కుర్రాడికి కళల పేపరు పడింది. 'పడింది' అనే అనాలి. ఎంచుకునే స్వేచ్ఛ కాయితం మీదే ఉంది. టైంటేబుల్లో ఏ మాస్టారికి గంటలు తక్కువ పడ్డాయో ఆ మాస్టారి పేపరే విద్యార్థులందరూ 'ఎంచుకున్నారు'. మనవాడు అరవైనాలుగు కళల పేర్లు బట్టీ పట్టి రాశాడు, మంచి మార్కులే తెచ్చుకున్నాడు. అదే ఏడు కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిని గేటు దగ్గర నుంచి స్టేజీ దాకా తీసుకురావటానికి డప్పులు కావాల్సొచ్చాయి. కుర్రాణ్ణే పిలిచి "మీవాళ్ళెవరన్నా ఉంటే తీసుకురారా" అన్నారు. తండ్రి వొచ్చాడు. కొట్టాడు. గేటు దగ్గరే టీ తాగి బస్సెక్కాడు. స్టేజీ మీద కూచిపూడి జరిగింది.

ఆ కాలేజీ పేరు మాకు ముఖ్యం కాదు. ఏ కాలేజీలోనైనా ఇదే జరిగేది. కొడుకు మార్కుల లిస్టులో ఉన్న కళకీ, తండ్రి భుజాన వేలాడిన కళకీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజు కళ్ళారా చూశాం. ఈ దూరం పొరపాటున ఏర్పడింది కాదు. దీనికో చరిత్ర ఉంది.

కాయితాల చరిత్ర

స్పెషలిస్టు తన సబ్జెక్టు తప్ప లోకం తెలియనివాడుగా మిగిలిపోకూడదు, సైన్సు చదివేవాడికి సాహిత్యమూ కళలూ, కళలు చదివేవాడికి సైన్సూ కొంత తెలియాలి అన్న ఆలోచన మనకు కొత్త కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1945లో జనరల్ ఎడ్యుకేషన్ మీద ఒక పెద్ద నివేదిక తెచ్చింది. మన దేశంలో 1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఇటువంటి చదువునే సిఫారసు చేసింది. దానికి అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. అంతకు ముందు 1931 నుంచి 1936 దాకా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్.

ఉమ్మడి రాష్ట్రంలో డిగ్రీ చదివినవాళ్ళకి ఫౌండేషన్ కోర్సులు గుర్తుండే ఉంటాయి. 'ఇండియన్ హెరిటేజ్ అండ్ కల్చర్', 'సైన్స్ అండ్ సివిలైజేషన్'. పరీక్షకి వారం ముందు గైడు కొనుక్కుని గట్టెక్కే పేపర్లు. 2020-21లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ సిలబస్ మారినప్పుడు వీటి చోట లైఫ్ స్కిల్ కోర్సులూ, స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులూ వొచ్చాయి. మొదటివాటిలో 'ఇండియన్ కల్చర్ అండ్ సైన్స్' ఉంది. రెండోవాటిలో 'పెర్ఫార్మింగ్ ఆర్ట్స్' ఉంది. ఒక్కొక్కటి 30 గంటలు, 2 క్రెడిట్లు, 50 మార్కులు. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన చట్రంలో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లయితే అందులో బహుళ శాస్త్ర విషయాలకి 9. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ వొచ్చింది. చట్రాలు మారుతూనే ఉంటాయి. సంస్కృతి అన్న మాట మాత్రం మారదు. ఆ మాటలో మన వాడ మాత్రం పడదు.

2020 జాతీయ విద్యా విధానం ఈ చదువుకి ఒక పురాతన వంశవృక్షం కూడా గీసి పెట్టింది. బాణభట్టుడి కాదంబరిని గుర్తు చేసి, అరవైనాలుగు కళలు తెలియటమే మంచి చదువని మన పూర్వులు అనుకున్నారంది. ఆ అరవైనాలుగులో పాటా చిత్రలేఖనమే కాక వడ్రంగం, బట్టలు తయారుచేయటం వంటి పనులు కూడా ఉన్నాయని గర్వంగా చెప్పింది. పైకి చూస్తే మనకు నచ్చాల్సిన మాటే. పనీ చదువూ కలిశాయి కదా అనిపిస్తుంది.

ఇక్కడే ఆగి అడగాలి. కాదంబరిలో ఆ చదువు ఎవరిది? చంద్రాపీడుడనే రాజకుమారుడిది. వాత్స్యాయనుడి కామసూత్రంలో ఉన్న అరవైనాలుగు కళల జాబితా ఎవరికోసం? తిని కూచోగలిగిన నాగరకుడి కోసం, అతన్ని మెప్పించాల్సిన గణిక కోసం. రాజకుమారుడు ఉలి పట్టుకుంటే అది కళ. అదే ఉలిని పొట్టకోసం పొద్దుగూకులూ పట్టుకున్నవాడిది కులవృత్తి. రాజకుమారుడు ఆ పనిని వొదిలేయొచ్చు, అందుకే అతనికది విద్య. వడ్రంగి వొదలకూడదు, అందుకే అతనికది పుట్టుక. జాబితాలో పని పేరు ఉన్నంత మాత్రాన ఆ పని చేసిన మనిషికి చదువులో చోటు దొరికినట్టు కాదు. పనిని పైకెత్తి పనివాణ్ణి కిందే ఉంచటం ఈ దేశంలో చాలా పాత విద్య. అరవయ్యైదో కళ అదే.

ఈ నేల మీది కళ

మరి ఈ నేల మీద, కృష్ణకీ గుండ్లకమ్మకీ మధ్య ఈ పత్తి మిరప చేలల్లో, మనవాళ్ళకి కళల చరిత్ర లేదా? ఉంది. దాన్ని పాఠంగా ఎట్లా చెప్పొచ్చో నాలుగు ఉదాహరణలు చెప్తాం.

మొదటిది అమరావతి. అమరావతి శిల్పం గురించి చెప్పని సంస్కృతి పేపరు ఉండదు. అయితే ఆ స్తూపానికి రాళ్ళు ఎవరు దానమిచ్చారో ఎంతమంది మాస్టార్లు చెప్తున్నారు? అక్కడి ఒక శాసనంలో ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేసినట్టు ఉంది. తోలుపని చేసే మనిషి, తండ్రి పంతులు, ఇచ్చింది శిల్పం. అప్పటి చర్మకారుడూ ఇప్పటి మాదిగా ఒక్కరేనని మేము గీత గీయటం లేదు. అంత తొందర చరిత్రకారులు పడకూడదు. కానీ తోలు ముట్టిన చెయ్యి కళనీ చదువునీ ముట్టకూడదన్న కట్టడి ఈ నేలకు అనాది కాదని చెప్పటానికి ఆ ఒక్క పలక చాలు. పూర్ణకుంభం బొమ్మ తర్వాత ప్రభుత్వ చిహ్నాలకెక్కింది. విధికుడు ఎక్కడికీ ఎక్కలేదు.

రెండోది పద్యనాటకం. చీమకుర్తి అన్న పేరు పద్యం వినే జనానికి గ్రానైటు వల్ల తెలియదు, హరిశ్చంద్ర నాటకాలాడిన చీమకుర్తి నాగేశ్వరరావు వల్ల తెలుసు. ఈ ప్రాంతంలో కాటిసీను వినకుండా పెరిగినవాళ్ళు ఒక తరం వెనక దాకా తక్కువ. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు కాటిసీనులో వచ్చే శ్మశానం పద్యాలు గుర్రం జాషువావి. వినుకొండలో 1895లో పుట్టి అంటరానితనం అనుభవించిన కవివి. సీను చూడండి. రాజు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయాడు. కాటిలో నిలబడి, చావు ముందు అందరూ ఒకటే అని పాడుతున్నాడు. పాడేది రాజు వేషం, మాట దళిత కవిది, వన్స్ మోర్ కొట్టేది ఊరి పెద్దలు. తెల్లారి అదే పెద్దల ఊళ్ళో రెండు శ్మశానాలు. ఈ వైరుధ్యాన్ని విప్పి చెప్పటానికి ముప్పై గంటలూ సరిపోవు. ఇంతకంటే మంచి కళల పాఠం ఏ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది? కానీ పద్యం ఛందస్సు చెప్తారు, రాగం చెప్తారు, కాటిని వొదిలేస్తారు.

మూడోది బుర్రకథ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దూదేకుల బిడ్డ. ప్రజానాట్యమండలిలో బుర్రకథని రాజకీయం చేశాడు. ఆ కథలకి భయపడి మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. 1986లో ఆయనకి పద్మశ్రీ వొచ్చింది. నిషేధానికీ పద్మశ్రీకీ మధ్య జరిగిందేమిటన్నది కదా కళల చరిత్ర అంటే! ఏ కళని ఎప్పుడు భయపడి ఆపుతారు, ఎప్పుడు దండేసి ఆపుతారు? పిల్లలకి ఇది చెప్పకపోతే బుర్రకథ అంటే తంబురా, రెండు డక్కీలు, ముగ్గురు మనుషులు అని రెండు మార్కుల జవాబుగా మిగులుతుంది.

నాలుగోది డప్పు. చీమకుర్తికి దూరం కాని ఈదుముడి, నాగులుప్పలపాడు మండలం. 1994 జూలై 7న అక్కడ మాదిగ దండోరా పుట్టింది. దండోరా అంటే డప్పు కొట్టి చాటింపు వెయ్యటం. ఊరి పెద్ద మాటని ఊరికి చెప్పటానికి తరాలుగా మాదిగ చేత కొట్టించిన వాయిద్యాన్ని మాదిగలు తమ మాట చెప్పటానికి తిప్పుకున్నారు. దానికి తొమ్మిదేళ్ళ ముందు, 1985 జూలై 17న, అప్పటి ఇదే జిల్లాలో కారంచేడు జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ నెత్తురు తెలియకుండా డప్పు దరువు తెలియదు. ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ దరువు ముప్పై ఏళ్ళు మోగింది. వర్గీకరణ మీద మనలో మనకే వాదాలున్నాయి, ఆ వాదాలు ఇక్కడ తేల్చం. ఒక వాయిద్యం అర్థం ఎట్లా మారుతుందో ఈదుముడి చూపించింది, దాన్ని కళల పాఠం అనకపోతే మరి దేన్ని అంటాం?

మనలో మన మాట

ఇంతవరకూ పైవాళ్ళని అడిగాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. మేము ముందు చెప్పిన కుర్రాడి తండ్రిని "డప్పుని కాలేజీలో పాఠంగా పెడితే ఎట్లా ఉంటుంది?" అని అడిగాం. ఆయనేమీ సంబరపడలేదు. "నా కొడుకు డప్పు పట్టకూడదనే గదా నేను వాణ్ణి చదివిస్తంది" అన్నాడు.

ఈ మాటని దాటేసి ఏ దళిత సాంస్కృతిక సిద్ధాంతమూ ముందుకు పోలేదు. డప్పు ఊరికే వాయిద్యం కాదు, వెట్టి కూడా. పిలిస్తే పోవాలి, కూలి అడగకూడదు, చావింటి ముందు తాగి కొట్టాలి, గుడి బయటే ఆగాలి. ఎన్నో పల్లెల్లో పెద్దలు కూచుని, ఇకనుంచి ఊరి చావుకి డప్పు కొట్టం అని తీర్మానం చేసుకున్నారు. చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని 1927లో మహద్‌లో అంబేడ్కర్ చెప్పినదాని కొనసాగింపే ఆ తీర్మానాలు. ఇవాళ మేము యూనివర్సిటీలో కూచుని డప్పు మన ఆత్మగౌరవం అని వ్యాసాలు రాసి, వొదిలించుకున్నవాడి భుజానికి మళ్ళీ దాన్ని తగిలిస్తే, మాకూ ఆ వార్షికోత్సవం కమిటీకీ తేడా ఏముంటుంది?

కళాకారుల నుంచి కళని విడదీసి గౌరవించటం ఎట్లా జరుగుతుందో తెలుగువాళ్ళకి తెలియని సంగతేం కాదు. కళావంతుల స్త్రీలు తరాలుగా కాపాడిన ఆటాపాటా కచేరీ హాళ్ళకెక్కాయి. ఆ స్త్రీలకి మిగిలింది మచ్చ. 1947 మద్రాసు చట్టం దేవదాసీ వ్యవస్థని నిషేధించింది. నిషేధించాల్సిందే. 1988లో మన రాష్ట్రం కూడా జోగినీ, బసివి ఆచారాల మీద చట్టం చేసింది, మనం పోరాడి తెచ్చుకున్నదే. కానీ దోపిడీని నిషేధించినప్పుడు కళ ఎవరింటికి చేరింది, ఎవరింటికి చేరలేదు అన్న లెక్క ఎవరూ తియ్యలేదు.

అందుకని మా వాదన ఇది. కళల పేపరు తప్పనిసరి కావాలి. కానీ దళిత పిల్లలు తమ కళని నేర్చుకోవటానికి కాదు. వాళ్ళకది తెలుసు, వొద్దనుకునే హక్కు కూడా ఉంది. తప్పనిసరి కావాల్సింది ఇన్నాళ్ళూ వినాల్సిన అవసరం రానివాళ్ళకి. బీకాం కంప్యూటర్స్ చదివే ఆసామి కొడుకు జాషువాని చదవాలి. ఇంజనీరింగు చదివే క్వారీ ఓనరు కూతురు డప్పు ఎందుకు కొట్టారో, ఎందుకు మానేశారో చదవాలి. ఇష్టముంటే తీసుకోండి అంటే వాళ్ళు ఎప్పటికీ తీసుకోరు. తప్పనిసరి అన్న మాటకి ప్రజాస్వామ్యంలో ఉన్న ఒకే ఒక్క న్యాయమైన అర్థం ఇదేనని మా ఉద్దేశం.

ఇట్లాంటిది లోకంలో ఎక్కడా జరగలేదా అంటే జరిగింది. 1968 నవంబర్‌లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులూ, ఇతర వివక్షిత జాతుల విద్యార్థులూ కలిసి సమ్మెకి దిగారు. 1969 మార్చి దాకా నడిపారు. మా చరిత్ర మా మనుషులు చెప్పే విభాగం కావాలన్నారు, సాధించారు. ఆ కాలేజీ ఇప్పుడు భాగంగా ఉన్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో డిగ్రీ కావాలంటే ఎత్నిక్ స్టడీస్ కోర్సు ఒకటి చదివి తీరాలని 2020లో చట్టమొచ్చింది. తెల్లవాడి కొడుక్కీ తప్పదు. అదే వ్యవస్థ 2022 జనవరిలో కులాన్ని కూడా వివక్షకి గురికాకూడని అంశాల్లో చేర్చింది. మన తెలుగు పిల్లలు వేలల్లో పోయే రాష్ట్రం అది. కులం చదవకుండా ఇక్కడ డిగ్రీ పట్టుకుపోయినవాడు అక్కడ కులం గురించిన నియమం చదవాల్సి వస్తోంది.

ఎవరు చెప్తారు?

సిలబస్ మార్చినంత మాత్రాన చాలదు. చెప్పేవాళ్ళెవరు? కళాకారుల్నీ చేతిపనివాళ్ళనీ డిగ్రీలతో పనిలేకుండా కాలేజీలకు పిలవచ్చని యూజీసీ 2023లో కళాగురు పథకం ముందుకు తెచ్చింది. మంచి అడుగే. కానీ గౌరవ వేతనం మీద కొన్నాళ్ళకు పిలిచే కొలువులో రోస్టర్ ఎక్కడ ఉంటుంది? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కట్టుబడి పనిలో కూలికి పోతున్నాడని పత్రికల్లో వొచ్చింది. పద్మశ్రీ తీసుకున్న చెయ్యే ఇటుకలు మోసింది. ఆయన్ని ఒక యూనివర్సిటీ జీతం మీద, పెన్షన్ మీద, విభాగంలో ఒక కుర్చీ ఇచ్చి కూచోబెట్టుంటే ఆ వార్త ఉండేదా? గెస్టుగా పిలిచి శాలువా కప్పటం కంటే ఉద్యోగం ఇవ్వటం కష్టం. శాలువాకి రిజర్వేషన్ అక్కర్లేదు మరి.

పిల్లల తల్లిదండ్రులు ఇంకో మాట అంటారు. "కళలు తిండి పెడతయ్యా? కంప్యూటర్ నేర్పండి చాలు." ఆ మాటలో ఆకలి ఉంది, తప్పు పట్టం. కానీ పైకులాల పిల్లలు ఇంట్లో సంగీతం, కాలేజీలో కంప్యూటర్ రెండూ నేర్చుకుంటున్నారు. ఇంటర్వ్యూలో రెండూ పనికొస్తున్నాయి. మన పిల్లల్ని ఒక్కదానికే పరిమితం చేస్తే పనిముట్లయి బయటికొస్తారు. రెండూ అడగాలి.

చివరికి మళ్ళీ చీమకుర్తికే వద్దాం. ఈ ఊరి నల్లరాయి, బంగారు చుక్కలున్న గెలాక్సీ గ్రానైటు, ఓడలెక్కి దేశదేశాలకి పోతుంది. కోసినవాడి ఊపిరితిత్తుల్లో దాని దుమ్ము మిగులుతుంది. చీమకుర్తి మండలం ఉన్న సంతనూతలపాడు అసెంబ్లీ నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. కానీ క్వారీ లీజుల్లో రిజర్వేషన్ లేదు. 2022లో ఒంగోలు కేంద్రంగా ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చింది. కొత్త విశ్వవిద్యాలయానికి పాత అలవాట్లు తక్కువ ఉంటాయని ఆశపడి ఈ నాలుగు మాటలు అడుగుతున్నాం.

ఒకటి, కళల పేపరు అన్ని గ్రూపులకీ తప్పనిసరి కావాలి, అందులో సగం ఈ జిల్లాల శ్రామిక కులాల కళల చరిత్ర కావాలి, ఆ కళల్లోని వెట్టితో సహా. రెండు, ఏ విద్యార్థినీ కులాన్ని బట్టి డప్పు కొట్టమని, పాట పాడమని అడగకూడదు. కొడితే అందరూ నేర్చుకుని కొట్టాలి. మూడు, చెప్పే కళాకారులకి రోస్టర్ ప్రకారం రెగ్యులర్ ఉద్యోగం ఇవ్వాలి. నాలుగు, పరీక్షలో అరవైనాలుగు పేర్లు అడగటం మాని, ప్రతి విద్యార్థీ తన ఊళ్ళో ఒక పనినీ ఆ పని చేసే మనిషినీ చూసి, విని రాయాలి. రాతి దిమ్మె కోసే మనిషిని, మిరపకాయలు కోస్తూ పాడే ఆడవాళ్ళని, డప్పు అటకెక్కించిన తాతని.

ఆ కుర్రాడు డిగ్రీ పాసయ్యాడు. మార్కుల లిస్టులో కళలు పాస్ అని ఉంది. వాళ్ళ నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఏవుందిరా?" అని అడిగాడట. వాడు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. ఆ జవాబు చెప్పాల్సింది వాడు కాదు. సిలబస్ రాసేవాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు, వాళ్ళలో మేమూ.